తప్పిన మర్నాడు ఏం చేస్తారు?

యాప్‌లు, వాచీలు, వాట్సాప్ గ్రూపుల సాయంతో వ్యాయామం మానకుండా చేయడం గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. గుండె జబ్బుకో, మధుమేహానికో, కీళ్లకో మందులు వాడుతున్నవారు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు, గర్భిణులు కొత్తగా ఏది మొదలుపెట్టాలన్నా ముందు తమ డాక్టర్ని అడగాలి. ఈ మాట ప్రతి జవాబులోనూ మళ్లీ రాయడం లేదు.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. ఏడాదిలో నాలుగు వ్యాయామం యాప్‌లు వేసుకున్నాను. ప్రతిదీ రెండు మూడు వారాల ముచ్చటే. అసలు వీటిలో ఏది మంచిది?

జవాబు: ఒకటి ఉంచుకుని మిగతా మూడూ తీసేయండి. ఏది ఉంచాలో తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. యాప్‌ను రెండు రోజులు ముట్టుకోకుండా మూడో రోజు తెరవండి. తెరవగానే ఇవాళ చేయాల్సింది కనబడి, రెండు నొక్కుల్లో మొదలుపెట్టగలిగితే ఉంచుకోండి. మీరు వెనకబడ్డారంటూ ఎర్ర గుర్తులు, చేయకుండా మిగిలిపోయిన వాటి చిట్టా, డబ్బు కట్టమనే తెర ముందుకొస్తే అది మీకు పనికిరాదు. వ్యాయామం వదిలేసేవాళ్లలో చాలామంది తప్పిన రోజున వదిలేయరు, ఆ మర్నాడు వదిలేస్తారు. యాప్ విలువ ఆ మర్నాడే తెలుస్తుంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. అమెరికాలో ఒక జిమ్ సంస్థ సభ్యులు 61 వేల మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద అధ్యయనం 2021లో 'నేచర్' పత్రికలో వచ్చింది. జనాన్ని జిమ్‌కు రప్పించడానికి 54 రకాల ఉపాయాలు ఒక్కొక్కటి నాలుగు వారాలపాటు ప్రయత్నించారు. అన్నిటిలోకీ ముందు నిలిచింది, ఒకసారి తప్పినవాళ్లు మళ్లీ వస్తే ఇచ్చిన చిన్నపాటి అదనపు బహుమతి. ఇంకో సంగతి కూడా బయటపడింది. నాలుగు వారాలయ్యాక కూడా ప్రభావం మిగిలిన ఉపాయాలు చాలా కొద్ది. అంటే మొదటి నెల హుషారు చూసి 'ఇక అలవాటైపోయింది' అనుకుని రిమైండర్లు తీసేయకూడదు.

యాప్ కన్నా ముందు ఫోనులోని క్యాలెండర్ సరిచేసుకోండి. అందులో 'రోజూ వ్యాయామం' అని రాసుకుంటే ఫలితం ఉండదు. 'ఉదయం 6.10, మొహం కడుక్కోగానే, ముందుగదిలో, 12 నిమిషాల వీడియో' అని రాయండి. ఎప్పుడు, దేని తర్వాత, ఎక్కడ, ఏమిటి అన్న నాలుగూ అందులో ఉండాలి. 'ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను' అని ముందే తేల్చుకున్నవాళ్లు అనుకున్న పని ఎక్కువగా చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచీ చెబుతున్నారు.

ఒక్క రిమైండర్ చాలదు. మూడు పెట్టాలి. రాత్రి 9.30కి మొదటిది: బట్టలు, బూట్లు తీసి పెట్టుకోవడానికి, వీడియో ముందే డౌన్‌లోడ్ చేసుకోవడానికి. ఉదయం 6.10కి రెండోది. మూడోది సాయంత్రం 6.40కి: ఉదయం తప్పితేనే దీనితో పని, చేసేసిన రోజున చెరిపేయండి. చాలామంది ఈ మూడోది పెట్టుకోరు. అందుకే ఉదయం జారిపోతే ఆ రోజు మొత్తం జారిపోతుంది.

ఎంత చేయాలంటే, మొదటి రెండు వారాలూ రోజుకు 12 నిమిషాల చొప్పున వారానికి నాలుగు రోజులే. ఓపిక ఉన్నా అంతకు మించొద్దు. రెండు వారాలకోసారి మూడేసి నిమిషాలు కలపండి, ఏడో వారంలో ఐదో రోజు చేర్చండి. పదమూడో వారానికి రోజుకు 30 నిమిషాల చొప్పున ఐదు రోజులు, అంటే వారానికి 150 నిమిషాలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు ఓ మోస్తరు శ్రమ కనీసం ఇంత ఉండాలంటోంది. దీనితోపాటు వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం ఉండాలి. అసలు వీలుపడని రోజుకు నాలుగు నిమిషాల చిన్న కోటా ఒకటి ముందే రాసి పెట్టుకోండి: ఒక నిమిషం ఉన్నచోటే నడక, కుర్చీలోంచి పదిసార్లు లేవడం, గోడను ఆనుకుని పది పుషప్‌లు, మళ్లీ నడక. ఇదీ లెక్కలోకి వస్తుంది.

ప్రశ్న: 41 రోజులు ఒక్కరోజు కూడా తప్పకుండా చేశాను. వారం జ్వరం వచ్చింది. యాప్‌లో 41 కాస్తా సున్నా అయింది. జ్వరం తగ్గి రెండు వారాలైనా మళ్లీ మొదలుపెట్టబుద్ధి కావడం లేదు.

జవాబు: సున్నా అయింది యాప్‌లోని అంకె. ఆ సంగతి మీ కాళ్లకు తెలియదు. వారం జ్వరానికి దమ్ము కాస్త తగ్గుతుంది, అంతే. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని గమనించి, కొత్త పని అలవాటుగా మారడానికి ఎన్నాళ్లు పడుతుందో లెక్కగట్టారు. మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ నష్టమేమీ కనిపించలేదు. మీరు తప్పింది వారం కాబట్టి పని కాస్త ఎక్కువే, కానీ మొదటికి రాలేదు.

వరస రోజుల లెక్కకు ఒక సుగుణం ఉంది. మొదటి నెల బాగా లాక్కొస్తుంది. తెగిన రోజున మాత్రం తెచ్చినదంతా ఒక్కసారే లాగేసుకుంటుంది. యాప్‌లో లక్ష్యాన్ని 'రోజూ' నుంచి 'వారానికి 4 సార్లు'కు మార్చండి. యాపిల్ వాచీ వాడేవారికి 2024లో వచ్చిన వాచ్ ఓఎస్ 11 సాఫ్ట్‌వేర్ నుంచి రింగులను, అంటే రోజు లక్ష్యం ఎంత నిండిందో చూపే వలయాలను, ఒకరోజుకో వారానికో నెలకో ఆపుకునే వీలుంది. జ్వరం వచ్చిన మొదటి రోజే ఆపితే వరస తెగదు.

యాప్‌లో ఇలాంటి వీలు లేకపోతే గూగుల్ షీట్‌లో మీరే చేసుకోవచ్చు. అడ్డంగా ఏడు గడులు ఏడు రోజులకు, ఎనిమిదో గడిలో వాటి మొత్తం. రోజు గడుల్లో నిమిషాలు మాత్రమే వేయండి, ఖాళీ ఉంటే ఉండనివ్వండి. రంగు మారే ఏర్పాటు ఎనిమిదో గడికే పెట్టండి: 60 దాటితే లేత ఆకుపచ్చ, 120 దాటితే ముదురు. రోజు గడులకు రంగు పెట్టారంటే మళ్లీ పాత కథే. తెల్లగా మిగిలిన గడి రోజూ వెక్కిరిస్తుంది.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు సగంతో మొదలుపెట్టండి. 30 నిమిషాలు చేసేవారైతే 15 నిమిషాల మామూలు నడక. రెండు రోజులు బాగుంటే 20, వారం చివరికి పూర్తి సమయం. పోయినదంతా ఒకేరోజు రాబట్టాలని రెట్టింపు చేస్తే ఒళ్లునొప్పులు రెండో రోజుకు ముదురుతాయి, మూడో రోజు మళ్లీ మంచం దిగరు. ఛాతీలో నొప్పి, మామూలుకన్నా ఎక్కువ ఆయాసం, గుండె దడ, కళ్లు తిరగడం ఉంటే ఆపేసి డాక్టర్ని కలవండి.

ప్రశ్న: ఫోనులో 6,200 అడుగులు, వాచీలో 8,900! ఏది నమ్మాలి? పైగా నడకకు లేవమని పెట్టుకున్న రిమైండర్ ఒక్కోరోజు అసలు రావడం లేదు.

జవాబు: ముందు రిమైండర్ సంగతి. ఆండ్రాయిడ్ ఫోను బ్యాటరీ ఆదా కోసం వెనకాల నడిచే యాప్‌లను నిద్రపుచ్చుతుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి, మీ యాప్ తెరిచి, బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' ఎంచుకోండి. కొన్ని ఫోన్లలో 'ఆటో స్టార్ట్' అని వేరే మీట ఉంటుంది, దాన్నీ ఆన్ చేయాలి. తర్వాత అదే చోట అనుమతులు చూడండి. ఆండ్రాయిడ్ 10 నుంచి 'ఫిజికల్ యాక్టివిటీ' అనుమతి లేనిదే అడుగుల లెక్క అందదు. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకూ విడిగా అనుమతి ఇవ్వాలి. అన్నిటికన్నా చిత్రమైనది ఇంకోటుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి, కొన్ని నెలలు తెరవని యాప్‌కు ఇచ్చిన అనుమతుల్ని ఫోనే వెనక్కి తీసేసుకుంటుంది. మానేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్లకు 'ఇంత నడిచినా సున్నానే చూపిస్తోంది' అనిపించేది ఇందుకే. యాప్ వాడనప్పుడు ఆపేసే మీటను ఆఫ్ చేయండి.

ఇవన్నీ సరిచేసినా, కదలకుండా బల్లమీద పడి ఉన్న ఫోను యాప్‌ల రిమైండర్లను కాస్త వెనక్కి నెట్టవచ్చు. గడియారం యాప్‌లో పెట్టిన అలారం మాత్రం సమయానికి మోగుతుంది. తెల్లవారుజామున లేవాల్సినవారు దాన్నే నమ్ముకోండి.

ఇక అడుగులు. ఇంట్లో తిరిగేటప్పుడు ఫోను బల్లమీద ఉంటుంది, వాచీ చేతికి ఉంటుంది. మీ తేడాలో పెద్ద వాటా ఇదే కావచ్చు. వాచీకీ లోపాలున్నాయి. పసిపిల్లల బండినో ట్రాలీనో తోస్తున్నప్పుడు చెయ్యి ఊగదు కాబట్టి అడుగులు పడవు. కూర్చుని చేతులు ఊపే పనిచేస్తే వేయని అడుగులు కూడా లెక్కలో పడతాయి. పరీక్షించాలంటే వాచీలో అంకె రాసుకుని, చేతులు మామూలుగా ఊపుతూ, పైకి లెక్కపెడుతూ సరిగ్గా 100 అడుగులు వేయండి. ఒక నిమిషం ఆగి చూడండి, లెక్క వెంటనే ఎక్కదు. 95 నుంచి 105 మధ్య ఉంటే బాగానే ఉన్నట్టు. 80 దగ్గర ఉంటే పట్టీ వదులుగా ఉందేమో, వాచీ ఏ చేతికి అన్న సెట్టింగ్ తప్పుందేమో చూడండి. రెండింటి లెక్కా ఒకే ఆరోగ్య యాప్‌లోకి వెళుతుంటే కొన్నిసార్లు రెండుసార్లు కలిసిపోతుంది. అలాంటప్పుడు ఆ యాప్‌లో ఒకదాన్నే ఉంచి రెండోదాని అనుమతి తీసేయండి.

ఏది నమ్మాలంటే, రోజూ ఒకదాన్నే. ఎప్పుడూ అదే వంద తక్కువ చూపించే పరికరంతో ఇబ్బంది లేదు. సోమవారం వాచీ, మంగళవారం ఫోను చూసుకుంటే మాత్రం మీరు పెరిగారో తగ్గారో ఎప్పటికీ తెలియదు.

ప్రశ్న: రోజుకు 10,000 అడుగులు తప్పనిసరా? నాకు 5,000 దాటడమే గగనంగా ఉంది.

జవాబు: తప్పనిసరి కాదు. ఆ అంకె వైద్యులు పెట్టింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన అడుగుల మీటరు పేరు 'మాంపో కెయ్', అంటే పదివేల అడుగుల మీటరు. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. 2019లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, సగటున 72 ఏళ్ల వయసున్న స్త్రీలలో రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారికన్నా 4,400 వేసేవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయి. 7,500 దగ్గర ఆ మేలు దాదాపు నిలిచిపోయింది. వయసు తక్కువైనవారికి ఇదే అంకె వర్తిస్తుందని కాదు గానీ, 5,000 దండగ కాదని మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

మీరు వారంపాటు మామూలుగా తిరిగి సగటు చూసుకోండి. దానిపై 500 కలిపి రెండు వారాలు ఉంచండి, ఆ తర్వాత ఇంకో 500. వీటిలో కొన్ని అడుగులు వేగంగా పడాలి. నిమిషానికి 100 అడుగులంటే ఓ మోస్తరు శ్రమ. ఫోనులో మెట్రోనోమ్ యాప్ (ఒకే లయలో టిక్కు టిక్కుమనేది) వేసి 100 మీద పెట్టి, టిక్కుకో అడుగు వేసి చూడండి. మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే వేగం సరిపోయినట్టే.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 64 మందితో వ్యాయామం గ్రూపు పెట్టాం. ఇప్పుడు అందులో శుభోదయాలు, పువ్వుల బొమ్మలు తప్ప ఏమీ లేవు. నడిచేది ఇద్దరం. ఎలా బాగుచేయాలి?

జవాబు: బాగుచేయకండి, దాన్ని పువ్వులకే వదిలేయండి. నలుగురైదుగురితో కొత్తది పెట్టండి. ఒకరు రాకపోతే వెలితి కనబడేంత చిన్నదిగా ఉండాలి. 64 మందిలో ఎవరు మానేశారో ఎవరికి పడుతుంది?

ఆదివారం రాత్రి వాట్సాప్‌లో ఒక పోల్ పెట్టండి: 'ఈ వారం ఎన్ని రోజులు?' జవాబులు 2, 3, 4, 5. ఒకటికి మించి ఎంచుకునే వీలు తీసేయండి. ఎవరు ఏది ఎంచుకున్నారో అందరికీ కనబడుతుంది, అదే దాని బలం. రోజూ రాత్రి 9లోపు ప్రతివారూ ఒక్క అంకె పంపాలి: చేసిన నిమిషాలు. చేయకపోతే 0. ఈ సున్నా పంపడమన్నది పట్టుబట్టి పాటించాల్సిన నియమం. చేయని రోజున మౌనంగా ఉండటం మొదలైతే గ్రూపు మూడో వారానికి చచ్చిపోతుంది. సున్నా పంపినవాళ్లకు ఎవరూ నీతులు చెప్పకూడదు, ఏడుపు బొమ్మలు పెట్టకూడదు.

ఒక్కొక్కరికి ఒక్కో జోడీ ఉండాలి. వరుసగా రెండు సున్నాలు పడినా, రెండు రోజులు మాట రాకపోయినా జోడీ ఫోన్ చేయాలి. మెసేజ్ కాదు, ఫోనే. 'ఎందుకు చేయలేదు?' అని అడిగితే సాకు వస్తుంది. 'ఇవాళ ఎన్నింటికి?' అని అడిగితే సమయం వస్తుంది.

పోటీ పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోవచ్చు. అమెరికాలో 602 మంది ఉద్యోగుల మీద ఆరు నెలలు జరిపిన అధ్యయనం 2019లో వెలువడింది. ఇంట్లోవాళ్ల ప్రోత్సాహం, జట్టుగా ఆడటం, పోటీ అన్న మూడు రకాల ఆటల్లో పోటీవాళ్లే ఎక్కువ నడిచారు, మామూలు వాచీవాళ్ల కన్నా రోజుకు దాదాపు 920 అడుగులు ఎక్కువ. ఆట ఆపేశాక మరో మూడు నెలలకు చూసినా చెప్పుకోదగ్గ తేడా మిగిలింది పోటీవాళ్లలోనే. అయితే అడుగుల మొత్తాన్ని బట్టి వరస పెడితే ఎప్పుడూ ఆ ఒక్కరే మొదట, ఆ ఒక్కరే చివర. చివరున్నవారు మూడో వారం గ్రూపులోంచి జారుకుంటారు. ఎవరి పాత సగటుతో వారిని పోల్చండి. 3,800 సగటున్న ఆమె 4,560 నడిస్తే 120 శాతం. 9,000 సగటున్న ఆయన 9,900 నడిస్తే 110 శాతం. ఆమే గెలిచినట్టు. నాలుగు వారాలకోసారి సగటు తిరగవేయండి. కూర్చున్నచోటే చెయ్యి ఊపి అడుగులు పెంచే ఘనుడు ప్రతి గ్రూపులో ఒకరుంటాడు. అతనికి ఆ సరదా తీరాలంటే అడుగులు వదిలి నిమిషాల లెక్కకు రండి.

ప్రశ్న: వ్యాయామం చేసిన రోజున నా వాచీ 600 కేలరీలు ఖర్చయ్యాయంటుంది. అయినా బరువు తగ్గడం లేదు.

జవాబు: ఆ 600ను చూసి ఒక్క ముద్ద కూడా ఎక్కువ తినకండి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో చేతి పరికరాలు ఏడింటిని పరీక్షించారు. ఆరింటిలో గుండె వేగం తేడా 5 శాతం లోపే. కేలరీల దగ్గర మాత్రం అన్నిటికన్నా మెరుగైనదే 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. మోడళ్లు మారాయి గానీ, మణికట్టు కదలికనూ గుండె వేగాన్నీ బట్టి శక్తి ఖర్చును ఊహించడంలో ఉన్న చిక్కు మారలేదు. కేలరీల గడిని మొదటి తెర మీంచి తీసేసి నిమిషాలు పెట్టుకోండి.

గుండె వేగమైనా సరిగ్గా రావాలంటే పట్టీ మణికట్టు ఎముకకు వేలెడు పైన, చర్మానికి ఆని ఉండాలి. మెల్లగా పరిగెడుతున్నప్పుడు వాచీ 160 చూపించి, మీకు మాత్రం హాయిగా మాట వస్తోందంటే అది గుండెను కాక అడుగుల లయను లెక్కపెడుతూ ఉండొచ్చు. ఆగి, పట్టీ బిగించి మళ్లీ చూడండి.

ప్రశ్న: పరుగు నేర్పే తొమ్మిది వారాల యాప్‌లో ఐదో వారం దగ్గర మూడోసారి ఆగిపోయాను. నాలో లోపమా?

జవాబు: పథకంలోనే అక్కడ పెద్ద మెట్టు ఉంది. జోష్ క్లార్క్ 1996లో రూపొందించిన 'కౌచ్ టు 5కె' (సోఫా నుంచి ఐదు కిలోమీటర్ల పరుగు దాకా) నమూనానే చాలా యాప్‌లు వాడుకుంటాయి. మొదటి వారం 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక. ఐదో వారం మొదటి రోజు ఐదేసి నిమిషాల పరుగులు మూడు, రెండో రోజు ఎనిమిదేసి నిమిషాలవి రెండు, మూడో రోజు ఏకబిగిన 20 నిమిషాలు. 8 నుంచి 20కి ఒకేసారి! మీరు మధ్యలో మీ సొంత వారం ఒకటి చేర్చండి: పదేసి నిమిషాల పరుగులు రెండు, నడుమ రెండు నిమిషాల నడక, ఇలా మూడు రోజులు. ఆ తర్వాత 20కి వెళ్లండి. వేగం తగ్గించండి. పరిగెడుతూ ఒక పూర్తి వాక్యం చెప్పలేకపోతే వేగం ఎక్కువైనట్టే. ఆగిపోయేవారిలో చాలామందికి అసలు జబ్బు ఇదే.

ప్రశ్న: యూట్యూబ్ చూసి చేస్తుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయి. పైగా మంచి వీడియో వెతకడానికే పావుగంట పోతోంది.

జవాబు: వెతకడం ఆదివారం, చేయడం మిగతా రోజులు. మూడే వీడియోలు ఎంచుకుని ప్లేలిస్టులో పెట్టి, నాలుగు వారాలు అవే చేయండి. ఆటోప్లే ఆపండి. ఏ వీడియో అయినా మొదటిసారి కూర్చుని చూడండి, చేయకండి. తర్వాత రెండుసార్లు వేగం 0.75 మీద పెట్టి చేయండి. తెరమీది శిక్షకుడి వేగాన్ని అందుకోవాలని తొందరపడితేనే మోకాళ్ల మీద భారం పడుతుంది.

గుంజీల్లాంటి స్క్వాట్ దగ్గరే ఎక్కువమందికి తేడా వస్తుంది. ఫోనును పక్కనుంచి, నడుము ఎత్తులో, రెండు మీటర్ల దూరాన పెట్టి 20 సెకన్లు వీడియో తీసుకోండి. మడమలు లేస్తున్నాయా? వీపు గుండ్రంగా వంగుతోందా? తర్వాత ఎదురుగా పెట్టి తీయండి. మోకాళ్లు లోపలికి వాలిపోతున్నాయా? వెనక కుర్చీ వేసుకుని, పిరుదులు కుర్చీ అంచును తాకేదాకానే దిగండి, మోకాళ్లు కాలివేళ్ల దిశలోనే వంగాలి. గెంతులున్న చోట గెంతకుండా పక్కకు అడుగు వేయండి.

చేసిన 24 నుంచి 72 గంటల మధ్య రెండు తొడలూ సమానంగా పట్టేసినట్టుంటే అది కండరాల నొప్పి, తగ్గిపోతుంది. చేస్తున్నప్పుడే కీలులో ఒకచోట పోటు పొడిచినా, వాచినా ఆ వ్యాయామం ఆపండి. తగ్గకపోతే ఫిజియోథెరపిస్టుకు చూపించండి, ఇంకో వీడియో వెతక్కండి.

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు, ఒక్కతే ఉంటుంది. నేను దూరంగా ఉన్నాను. వీడియో కాల్‌లో అమ్మచేత వ్యాయామం చేయించవచ్చా?

జవాబు: భేషుగ్గా చేయించవచ్చు. వారానికి మూడు రోజులు, ఒకే సమయానికి, 15 నిమిషాలు. వయసు పైబడినవాళ్లకు పడిపోకుండా నిలకడనిచ్చే వ్యాయామాలు వారానికి మూడు రోజులైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. పక్కింటివారి ఫోన్ నంబరు మీ దగ్గర ఉండాలి. అమ్మ ఫోను అలమారలో నడుము ఎత్తున, పాదాల నుంచి తల దాకా కనబడేంత దూరంలో పెట్టించండి. కుర్చీ చక్రాలు లేనిది, వీపు గోడకు ఆనించి ఉండాలి. కాళ్లకు మేజోళ్లు వద్దు, జారతాయి.

మొదటి మూడు నిమిషాలు కూర్చునే కాళ్లు ఎత్తి దించడం. తర్వాత కుర్చీలోంచి లేచి కూర్చోవడం 8 సార్లు, నిమిషం విశ్రాంతి, మళ్లీ 8. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం 10 సార్లు. ఆ గట్టు దగ్గరే ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి 10 సెకన్లు నిలబడటం, రెండు వైపులా. చివర నెమ్మదిగా గదిలో నడక.

కాల్‌లో మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి మీరు లెక్కపెడితే అమ్మ తడబడతారు. లెక్క అమ్మచేతే పైకి పెట్టించండి. దాంతో లేచేటప్పుడు ఊపిరి బిగబట్టడమూ తప్పుతుంది. మీరు కూడా పక్కన చేస్తూ కూర్చోకండి, అమ్మ చేస్తున్నంతసేపూ చూడండి. కుర్చీలో ధబ్బున కూలబడుతుంటే, కిందికి దిగేటప్పుడు మూడు అంకెలు లెక్కపెట్టమనండి. కళ్లు తిరిగితే కూర్చోబెట్టి ఆ రోజుకు ఆపేయండి.

నెలకోసారి చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో రాసుకోండి. 65 నుంచి 69 ఏళ్ల స్త్రీలకు 11 కన్నా తక్కువైతే సగటుకు దిగువన ఉన్నట్టు లెక్క. 8 నుంచి 10కి వచ్చారంటే అమ్మకు ఆ అంకె తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: పరుగు యాప్‌లో నేను రోజూ వెళ్లే దారి అందరికీ కనబడుతుందా?

జవాబు: సెట్టింగ్స్ మార్చకపోతే కనబడవచ్చు. స్ట్రావా అనే పరుగు యాప్ 2017లో విడుదల చేసిన పటంలో సైనిక స్థావరాల్లో పరిగెత్తిన దారులు కూడా బయటపడ్డ సంగతి 2018 జనవరిలో పెద్ద వార్త అయింది. ప్రైవసీలోకి వెళ్లి, మీ వ్యాయామం ఎవరికి కనబడాలన్న చోట 'ఫాలోయర్స్' అనో 'నేను మాత్రమే' అనో పెట్టండి. దారి మొదలు, చివర దాచే మీట ఉంటుంది, ఇంటి చుట్టూ కొన్ని వందల మీటర్లు దాచండి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు పరుగు ముగించి ఇంటికి చేరాకే పోస్టు చేయండి, ఫొటోలో ఇంటి గేటు పడనివ్వకండి.

ప్రశ్న: ఎనిమిది నెలలుగా క్రమం తప్పకుండా చేస్తున్నాను. అయితే వాచీలో ఛార్జింగ్ లేకపోతే నడకకు వెళ్లబుద్ధి కాదు. లెక్కలోకి రాని నడక ఎందుకు అనిపిస్తోంది. ఇది మంచిదేనా?

జవాబు: ఎనిమిది నెలలు చేశారంటే వాచీ తన పని చేసింది. ఇప్పుడు ఒక వారం దాన్ని సొరుగులో పెట్టండి. క్యాలెండర్‌లోని రిమైండర్లు, షీట్‌లోని వారం మొత్తం మాత్రం ఉంచండి. నిమిషాలు గోడ గడియారం చూసి వేసుకోండి. ఐదు రోజులు అనుకున్నవారు ఆ వారంలో నాలుగు, ఐదు రోజులు చేస్తే మరో మూడు వారాలు అలాగే కొనసాగించి, వాచీని నెలకు ఒక వారమే కట్టుకోండి. మూడుకు పడిపోతే మళ్లీ కట్టేసుకోండి, అందులో తప్పేమీ లేదు. రెండు నెలలాగి మళ్లీ ప్రయత్నించండి. రాత్రిపూట ఛార్జింగ్ మాత్రం ఫోనుతోపాటే పెట్టండి, 9.30 రిమైండర్‌లో ఆ మాట కూడా రాసుకోండి.